పన్నెండు ప్రాణాల తడినేలవాళ్ళు

గీవ్‌స్టన్, టాస్మానియా
1994 ఏప్రిల్ 12, మంగళవారం

మా బంగారు లొరైన్‌కి,

నీ పొట్లం నిన్న పొద్దున అందింది. ఆ ముక్క ఒక్కటే రాసి ఊరుకుందామనుకున్నాను గానీ చెయ్యి ఊరుకోవడం లేదు. ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే దిద్దిపెట్టమని మీ అమ్మనడిగితే "నీ సంతోషం నువ్వే దిద్దుకో" అంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చదువుకో.

ఒక జాతినే పుట్టించావా తల్లీ. పుట్టగొడుగులు నడవడమేమిటి, ఆలోచించడమేమిటి, వాసనతో కబుర్లు చెప్పుకోవడమేమిటి. దానికి మళ్ళీ తడినేలవాళ్ళు అని పేరు. పొయ్యి పక్కన కూర్చుని ఆ పదకొండు కాగితాలూ రెండుసార్లు చదివాను. వాన పడితే వాళ్ళకి బలం. ఉప్పు తగిలితే ముడుచుకుపోతారు. పడిపోయిన చెట్టు దగ్గర తరాల తరబడి కూర్చుని, దాన్ని మర్యాదగా మట్టిలో కలుపుతారు. ఇదంతా ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మన ఆపిల్ తోటలో కింది వరుస చెట్లు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయిన ఏడాది నీకు ఎనిమిదేళ్ళు. నేను వేళ్ళు తవ్వుతుంటే గోనెసంచి మీద కూర్చుని చూశావు. బెరడు కింద తెల్లటి పొర కనిపిస్తే వేలితో తాకి, "నాన్నా, ఇది చల్లగా ఉంది" అన్నావు. తోట పోయిందని నేను ఏడుస్తున్నాను, నువ్వేమో కొత్త స్నేహితుడు దొరికినట్టు నవ్వావు.

పొట్లం చంకలో పెట్టుకుని రొట్టెల కొట్టుకి వెళ్ళాను, పెట్రోలు బంకుకి వెళ్ళాను, చివరికి పచ్చిక మీద బంతులు దొర్లించే మన క్లబ్బుకి వెళ్ళాను. "మా అమ్మాయి జాతిని సృష్టించింది" అన్నాను. బంకులో కుర్రది "ఏ జాతి కుక్కండీ" అని అడిగింది. పోనీలే.

నువ్వు అప్పగించిన పని మాత్రం బుర్రకెక్కింది. మీ యజమాని హాలరన్ గారు అచ్చువేస్తున్న కొత్త ఆటపుస్తకంలో ఆటగాళ్ళు ఎంచుకోవడానికి నాలుగు జాతులకే చోటుంది, పోటీలో అయిదున్నాయి. జూన్ నెలాఖరున ఒకదాన్ని కొట్టేస్తారు. ఆరేళ్ళుగా ఇంకొకళ్ళ కోటలకీ కొండలకీ పటాలు గీసిపెట్టావు, నీ సొంతమంటూ ఉన్నది ఇదొక్కటే. మేం ఆడి, ఏం జరిగిందో చేత్తో రాసి పంపితే ఆ ఉత్తరం ఆయన బల్ల మీదికి వెళ్తుంది. వెళ్ళనీ. నేను సిద్ధం.

ఆటగాళ్ళు ముగ్గురు. మీ అమ్మ, రంపపు మిల్లు మెర్విన్, దుంగల లారీ తోలిన ఆర్చీ. ఆట నడిపేది నేను: నేను కథ చదువుతుంటే తమ పాత్ర ఏం చేస్తుందో వాళ్ళు చెప్పాలి, ఫలితం పాచిక తేలుస్తుంది. ఈ మధ్యాహ్నమే క్లబ్బులో కూర్చున్నాం. ప్రాణాల లెక్క రాసుకోవడానికి నువ్వు పంపిన పాత్ర చీటీ బల్ల మధ్యలో పరిచి, ఎగిరిపోకుండా జామ్ సీసా పెట్టాం. ఇరవై ముఖాల పాచిక చూసి మీ అమ్మ, "మెర్విన్‌కి ఉన్నన్ని మొహాలున్నాయి దీనికి" అంది. మెర్విన్ ఎర్రటోపీ విషపు పుట్టగొడుగు అయ్యాడు. ఆర్చీ తన నలిగిన చెవిలాగే ఉండి, దుంగకి అంటుకుని పెరిగే రకం. మీ అమ్మ పొడుగ్గా, తెల్లగా, ఎవరినీ లెక్కచెయ్యనిది.

మొదటి కథ, ఉప్పు చల్లిన దారి దాటడం. మెర్విన్ ముందూ వెనకా చూడకుండా దారి మీద కాలు పెట్టేశాడు. పోయిన ప్రాణాలు నాలుగు.

"నీ అయ్య సొమ్మా అవి?" అంది మీ అమ్మ.

"ఆటే కదా ఎడ్నా."

"ఆటైతే ఏం, అడిగి చావలేవా?"

ఈ నలభై ఏళ్ళలో మెర్విన్ ఎవరికైనా క్షమాపణ చెప్పగా నేను చూడలేదు. ఇవాళ చెప్పాడు. తల్లీ, నీ ఆటలో ఏదో ఉంది.

పొంగిపోతూ,
నాన్న

*

మెల్‌బోర్న్
ఏప్రిల్ 21

నాన్నా,

నీ ఉత్తరం ట్రాములో చదివి నవ్వాపుకోలేక ఒక స్టాపు ముందే దిగిపోయాను. అమ్మ ఆడుతోందంటే నమ్మలేకపోతున్నాను. చదరంగం బల్లని కోళ్ళగూటికి తలుపుగా వాడిన మనిషి.

బల్లరట్‌లో ఒక జట్టు, జీలాంగ్‌లో ఇంకో జట్టు కూడా వీళ్ళని ఆడుతున్నారు. వాళ్ళ ఉత్తరాలింకా రాలేదు. హాలరన్ గారికి నా తడినేలవాళ్ళంటే పెద్ద ఇష్టం లేదు. "టోపీ పెట్టుకున్న మామూలు మనుషులే కదమ్మా, వీళ్ళని ఎవరైనా ఎందుకు ఎంచుకోవాలి?" అన్నారు. దానికి జవాబు మీ బల్ల మీదే దొరకాలి.

ఒక్కటే మాట. నన్ను సంతోషపెట్టడానికి రాయొద్దు. విసుగు పుడితే పుట్టిందనే రాయి.

అమ్మకి ముద్దులు. ఆర్చీ బాబాయ్‌ని తుంటి నొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్ళమను.

లోరీ

*

గీవ్‌స్టన్
మే 3

నా తల్లి లోరీకి,

విసుగా? పోయిన మంగళవారం క్లబ్బు టీ పాత్రలో నీళ్ళు ఇగిరిపోయి అడుగు మాడేదాకా ఎవరూ లేవలేదు. కార్యదర్శి వచ్చి "ఇక్కడ ఎవరైనా చచ్చారా" అని అడిగాడు. "ఇంకా లేదు, ఆగండి" అన్నాడు ఆర్చీ.

రెండో కథ, అడవి అంచున రంపపు మిల్లు. మిల్లుని ఆపాలని నువ్వు రాశావు. నేను చదివి వినిపించగానే మెర్విన్ చేతులు కట్టుకున్నాడు. "ముప్పై ఎనిమిదేళ్ళు మిల్లులో అన్నం తిన్నాను. దానికి నిప్పు పెట్టను."

"ఎవడు పెట్టమన్నాడు? నువ్వు పుట్టగొడుగువి. నీకు అగ్గిపెట్టె ఎక్కడిది?" అన్నాడు ఆర్చీ.

అప్పుడు ముగ్గురూ తలలు దగ్గరపెట్టి ఒక ఉపాయం పన్నారు. మిల్లు వెనక రంపపు పొట్టు గుట్టలో చేరి, లోపల్లోపలే పాకి, యజమాని కూర్చునే నేల పలకల కిందికి వెళ్ళి, వాడికి తడిసిన అడవి వాసన పంపారు. వాడి చిన్నతనం వాసన. యజమాని మాటలు నేనే చెప్పాలి కదా, కాగితం పక్కన పెట్టాను. మెర్విన్ అంటాడు, "రంపం ఆగిన ఆదివారాలు మా మిల్లులో అచ్చం అలాంటి వాసనే వచ్చేది." ఆ మనిషి నోట ఒక పువ్వులాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

యజమాని కరిగాడు. కానీ వాడి కుక్కలు కరగలేదు. ఆర్చీకి దెబ్బ, మీ అమ్మకి దెబ్బ, మళ్ళీ ఆర్చీకి. రెండే రెండు ప్రాణాలు మిగిలాయి. ఊపిరి బిగబట్టి పాకి బయటపడ్డారు.

ఇక్కడ మాకో పద్ధతి ఏర్పడింది, అది కూడా హాలరన్ గారికి చెప్పు. దెబ్బ తిన్నవాడు తన చేత్తో ప్రాణాలు చెరపకూడదు. పెన్సిలు పక్కవాడికి ఇవ్వాలి, పక్కవాడే చెరపాలి. మీ అమ్మ పెట్టిన చట్టం. "చెరిపేవాడికి తెలియాలి నొప్పి" అంది. మెర్విన్ చెరిపే ముందు పెన్సిలు రెండుసార్లు కింద పెట్టి చేతులు రుద్దుకున్నాడు, నేను చూశాను. చలికి అన్నాడు.

ఆ తర్వాత అడవిలో తడిగా విశ్రాంతి తీసుకుని మళ్ళీ నిండుగా పన్నెండుకి వచ్చారు. ఇక్కడ కూడా వానే. చిట్టి కంగారూలు మీ అమ్మ చిక్కుడు పాదులు నమిలేశాయి. ఆవిడ వాటిమీదికి చీపురు తీసుకుని వెళ్ళి, "ప్రాణాలు తక్కువున్నాయి, వెళ్ళను" అని వెనక్కి వచ్చింది.

ఒళ్ళంతా చెవులై నీ జవాబు కోసం,
నాన్న

*

మెల్‌బోర్న్
మే 13

నాన్నా,

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

బల్లరట్ వాళ్ళూ జీలాంగ్ వాళ్ళూ రాశారు. ఇద్దరిదీ ఒకే మాట: చప్పగా ఉంది. ఎవరూ చావరు, ఎవరూ భయపడరు, ఒకరితో ఒకరికి పనే లేదు. వాటి పక్కన నీ ఉత్తరం పెట్టి హాలరన్ గారు చదివారు. నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. "మీ నాన్నగారు మంచి కథకుడమ్మా, కానీ నాకు కావలసింది ఆట" అన్నారు.

ఆయన వేలు పెట్టి చూపించిన చోటు నాకూ కనిపించింది. ఒక్కొక్కరికి పన్నెండు ప్రాణాలు. ముగ్గురికి ముప్పై ఆరు. మిల్లు కుక్కలు ఎంత కరిచినా పదికి మించి పోవు. రెండు ప్రాణాలతో పాకి బయటపడటం జరిగే పని కాదు, నాన్నా. ఆర్చీ బాబాయ్ దెబ్బ తింటే అమ్మకేం నష్టం? పెన్సిలు పక్కవాడికి ఎందుకు?

నాకోసం కల్పించి రాశావని తెలుసు. నేను ఓడిపోతానని భయపడి రాశావు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ హాలరన్ గారి ముందు నేను తల దించుకోవలసి వచ్చింది. దయచేసి మూడో కథ గురించి రాయొద్దు. జూన్ నెలాఖరుకి వీళ్ళని కొట్టేస్తారు. మళ్ళీ పటాలు గీసుకుంటాను, అదేం చిన్న పని కాదు.

కోపం లేదు. అలసట.

లోరీ

*

గీవ్‌స్టన్
మే 27

అమ్మా లోరీ,

నీ ఉత్తరం అందిన రోజున మీ అమ్మకి చూపించలేదు. కట్టెల పాకలో కూర్చుని చదివాను. నేను అబద్ధాలాడటం నువ్వెప్పుడైనా చూశావా? ఒక్కసారి చూశావు, కుందేలు పారిపోయిందని చెప్పినప్పుడు. అది వేరు.

రాయొద్దన్నావు. కానీ రాయకుండా ఎలా ఉండను, ఇంత జరిగాక. పోయినవారం ఆర్చీ మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. కంగారుపడకు, హోబార్ట్ ఆసుపత్రిలో ఆపరేషను అయింది, ఆడపిల్లలంతా తన చుట్టూ తిరుగుతున్నారని డబ్బా కొట్టుకుంటున్నాడు. మంగళవారం ఆట లేదనుకున్నాం. మధ్యాహ్నం ఒంటిగంటకి మెర్విన్ కారు మన గేటు ముందు ఆగింది. చొక్కా ఇస్త్రీ చేసుకుని ఉన్నాడు. "లారీవాడు లేకుండా మనం అడుగు ముందుకు వేస్తే వాడి ప్రాణాలు కూడా పోతాయి కదా. వాణ్ణి అడక్కుండా పోగొట్టడం న్యాయం కాదు" అన్నాడు. అందరం కారెక్కి హోబార్ట్ బయల్దేరాం.

రోగుల్ని చూడనిచ్చే వేళ రెండింటినుంచి నాలుగింటిదాకా. చీటీని ఆర్చీ పొట్ట మీద పెట్టాం. మా క్లబ్బు బల్లకంటే సమంగా ఉందన్నాడు మెర్విన్.

మూడో కథ, కాలిపోయిన కొండ. 1967లో ఇక్కడి ఊళ్ళని కాల్చిన కార్చిచ్చు చూసినవాళ్ళం మేము ముగ్గురమూ, మీ అమ్మా. నేను బూడిద అని చదవగానే ఆర్చీ అన్నాడు, "మంటల తర్వాత మా పెరట్లో మొదట మొలిచింది పుట్టగొడుగే. నారింజరంగుది. మా ఆవిడ దాన్ని చూసి ఇల్లు మళ్ళీ కడదామంది."

కథలో మా శత్రువు ఉప్పురాజు గుర్రపురౌతులు కొండెక్కి వచ్చేసరికి మావాళ్ళకి మిగిలినవి మళ్ళీ రెండే ప్రాణాలు. నేను ముందుంటానని మెర్విన్ అన్నాడు.

"ఎవరు ముందుంటే ఏంట్రా, పోయేవి అవే రెండు" అంది మీ అమ్మ.

"మరేం చేద్దాం?"

"ఏమీ చెయ్యొద్దు. మనం పుట్టగొడుగులం. బూడిదలోకి దిగి వాన కోసం కూర్చుందాం."

వాన వస్తే రౌతుల ఉప్పు కొట్టుకుపోయి ఆ రెండు ప్రాణాలూ నిలుస్తాయి, కానీ వాన రావాలంటే పాచికలో పదిహేనుకి పైన పడాలి. ఆర్చీ వేశాడు. పాచిక దుప్పటి మీద దొర్లి మంచం కిందికి పోయింది. నర్సమ్మ మోకాళ్ళ మీద వంగి, చేత్తో ముట్టకుండా తల దూర్చి చదివింది. పంతొమ్మిది. పక్క మంచం మీద రెండు రోజులుగా కళ్ళు తెరవని ముసలాయన "వానొచ్చిందా" అన్నాడు. నర్సమ్మ ఏడ్చేసింది. ఆవిడకి ఆట తెలియనే తెలియదు.

ఇక నీ ముప్పై ఆరు సంగతి. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు అంతుపట్టలేదు. నీ చీటీలో పన్నెండే ఉంది. రాత్రింబవళ్ళు పనిచేసి వేరే జాతితో కలిపేసుకున్నావేమో అనుకున్నాం. ఆ పన్నెండూ తోటలో ఆ తెల్లటి పొరలాంటివి కాదూ? పైకి ఏడు చెట్ల దగ్గర మొలిచింది, తవ్వితే అంతా ఒకటే. ఒకచోట గొడ్డలి పడితే అన్నిచోట్లా పడ్డట్టే. నువ్వు తాకిందదే కదా, అందుకే అలా రాశావనుకున్నాను.

నా మాట నమ్మకపోతే చీటీ నమ్ము. ఇందులోనే పెడుతున్నాను, భద్రంగా తెరువు.

నీ అబద్ధాలాడని నాన్న

*

మెల్‌బోర్న్
జూన్ 6

నాన్నా,

కవరు ఆఫీసులో తెరిచాను. చీటీ కింద పడింది. మిగతా రెండు చీటీల కోసం కవరు దులిపాను. లేవు. నేల మీద వెతికాను. అప్పుడు దీన్ని సరిగ్గా చూశాను.

ఒక్కటే చీటీ. అమ్మ చేతిరాత, మెర్విన్ మామ గీతలు, ఆర్చీ బాబాయ్ పెద్దక్షరాలు, అన్నీ అందులోనే. ప్రాణాల గడి చెరిపీ చెరిపీ చిల్లు పడింది. చిల్లు వెనక ఎవరో ఆసుపత్రి టేపు అతికించారు. మూలన జామ్ సీసా గుండ్రం.

నాన్నా, నేను నీకు ఒకటే పంపాను. ఆడేవాళ్ళు ఎంతమందైతే అన్ని నకళ్ళు తీసుకుని, ఎవరి చీటీ వాళ్ళు ముందు పెట్టుకోవాలి. మా ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతి కాబట్టి అది రాయాలనే నాకు తోచలేదు. నువ్వు ఉన్నదాన్ని ముగ్గురికీ మధ్యలో పెట్టావు. నేను ముప్పై ఆరు లెక్కపెట్టాను, మీరు పన్నెండుతో బతికారు. నువ్వు రాసిన ప్రతి అక్షరం నిజం. నేను నిన్ను అబద్ధికుడన్నాను.

ఆ చల్లటి పొర నాకు గుర్తుంది. వాసన గుర్తుంది, గోనెసంచి గుర్తుంది. అదంతా కిందే ఒకటై ఉందని నువ్వు ఆ రోజు చెప్పిన మాట మాత్రం మర్చిపోయాను. అది మర్చిపోయి పదకొండు కాగితాలు రాశాను.

చీటీ తీసుకుని హాలరన్ గారి గదిలోకి వెళ్ళి, ఆయన ముందు పెట్టాను. చిల్లులోంచి వెలుతురుకి చూశారు. గుమస్తానీ అచ్చుతప్పులు చూసే ఆవిణ్ణీ పిలిచి, "తలుపు మూయండి, ఆడదాం" అన్నారు. బల్ల మధ్యలో కొత్త చీటీ ఒక్కటే పెట్టి నేను నడిపాను. ముప్పావుగంటలో హాలరన్ గారు లేచి నిలబడి గుమస్తాని "ఎవర్నడిగి ముందుకెళ్ళావయ్యా" అని కేకలేస్తున్నారు. అచ్చు చూసే ఆవిడ పెన్సిలు చేత్తో పట్టుకుని చెరపలేక కూర్చుంది.

నెలాఖరుదాకా ఆగలేదు. తడినేలవాళ్ళు పుస్తకంలో ఉన్నారు. మొదటి జాతి వాళ్ళే. బల్లకి ఒక్కటే చీటీ అని అచ్చులో పెడుతున్నాం, పెన్సిలు పక్కవాడికివ్వాలన్న అమ్మ చట్టంతో సహా. హాలరన్ గారు ఈ చీటీకి అద్దం కట్టించి ఆఫీసు గుమ్మానికి ఎదురుగా తగిలిస్తామంటున్నారు. నిన్నడిగి చెప్తానన్నాను.

నన్ను క్షమించు.

నీ లోరీ

*

గీవ్‌స్టన్
జూన్ 14, మంగళవారం

నా తల్లీ, నా తడినేల తల్లీ,

క్షమాపణలు మెర్విన్‌కి వదిలెయ్యి, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు. నీ ఉత్తరం నేను క్లబ్బులో నిలబడి గట్టిగా చదివాను. "పుస్తకంలో ఉన్నారు" అన్న చోటికి వచ్చేసరికి అక్షరాలు కనపడలేదు, మీ అమ్మ లాక్కుని మిగతాది చదివింది. కార్యదర్శి, టీ పాత్ర మాడ్చింది మీరే కదా అంటూనే, అందరికీ ఆపిల్ కేకు కోయించాడు. బంకులో కుర్రదానికి కూడా ఒక ముక్క తీసుకెళ్ళి, కుక్క కాదని మళ్ళీ చెప్పాను. రొట్టెల కొట్టులో చెప్పాను. ఆవులకి కూడా చెప్పాను, అవి మనవి కాకపోయినా.

మేం ఆడింది తప్పని తెలిసి మెర్విన్ టీ కప్పు కింద పెట్టాడు. "అంటే ఎవరి పన్నెండు వాళ్ళకుండాలా? అయితే ఎడ్నా నావి రెండు నెలలుగా తినేసింది. తిరిగిమ్మను."

"ముందు నువ్వు ఉప్పులో పోసిన నాలుగూ ఇవ్వు" అంది మీ అమ్మ.

"ఇవ్వను."

"అయితే నోర్మూసుకుని టీ తాగు."

మెర్విన్ తాగాడు. కావాలంటే నువ్వు ఇంకో రెండు చీటీలు పంపుతావేమో అన్నాను. ముగ్గురూ నావైపు ఎలా చూశారంటే, మళ్ళీ ఆ ఊసెత్తను. ముగ్గురూ అన్నానా? అవును, ఆర్చీ శనివారం ఇంటికి వచ్చాడు. నడిచేందుకు నాలుగు కాళ్ళ చట్రం ఇచ్చారు. ఇవాళ కుర్చీ మీద దిండేసుకుని కూర్చున్నాడు, కాగితాల్లో కథలు అయిపోయాయి కాబట్టి నాలుగోది నేనే అల్లుతున్నాను. ఉప్పురాజు చచ్చిపోయాడు. వాడి కోటని మర్యాదగా మట్టిలో కలపాలి. తరాలు పట్టే పని. మాకు తొందరేం లేదు.

హాలరన్ గారికి నా నమస్కారం చెప్పు. అంత పెద్దమనిషి మా కాగితానికి అద్దం కట్టిస్తానన్నందుకు మా బల్లంతా లేచి నిలబడింది, ఆర్చీ తప్ప. అయినా సరే, దాన్ని గోడకి తగిలించొద్దని చెప్పు. మళ్ళీ మంగళవారం ఆటకి అందేటట్టు, ఈ ఉత్తరం చూసిన రోజే టపాలో వేసి పంపు. చిల్లు దగ్గర మడత పడకుండా అట్టముక్క పెట్టు. దానిమీద ఇంకా రెండు ప్రాణాలున్నాయి, మేం ముగ్గురం ఉన్నాం. సరిపోతాయి.

నాన్న